నష్టభయం లేని కొట్టు

పోలిశెట్టి వీరభద్రానికి రాజమండ్రిలో మూడు సూపర్ మార్కెట్లు ఉండేవి. వాటి పేరు 'నిండుసంచి'. తండ్రి నాటి కిరాణా కొట్టుకి గాజు తలుపులు పెట్టించి, ఏసీ వేయించి, దాన్ని సూపర్ మార్కెట్టు చేశాడు. అది నడిచాక ఇంకో రెండు పెట్టి, మూడింటినీ కలిపి కంపెనీగా రిజిస్టరు చేయించాడు. కంపెనీ అయ్యాక కూడా ఆయన దాన్ని కొట్టు అనే అనేవాడు. పొద్దున్నే మెయిన్ బజారు కొట్టులో కూరగాయల దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళని పేరుపెట్టి పలకరించకపోతే ఆయనకి తిన్నది అరిగేది కాదు.

నాలుగో కొట్టు ధవళేశ్వరంలో పెట్టాలని ఆయన కోరిక. బ్యాంకు వడ్డీ తలుచుకుంటే మాత్రం ఆ కోరిక వెనక్కి వెళ్ళిపోయేది. అది అలా ముందుకీ వెనక్కీ ఊగుతున్న రోజుల్లో రేవుల శాఖ పింఛను నిధి నుంచి కబురొచ్చింది.

రేవుల శాఖ గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. గోదావరి మీద వంతెనలు అంతగా లేని కాలంలో జనాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పంట్ల మీద దాటించడానికి పెట్టిన శాఖ అది. వంతెనలు వచ్చాయి. పంట్లు పోయాయి. శాఖ మాత్రం పోలేదు. పంట్లు నడిపి రిటైరైన వాళ్ళకి నెలనెలా పింఛను ఇవ్వడం దాని పనిగా మిగిలింది. ఆ పని చూసే అధికారుల సంఖ్య అప్పట్లో పంట్లు నడిపినవాళ్ళ సంఖ్యకి ఏమీ తీసిపోదు.

ఆ నిధికి అధ్యక్షులు ఉపాధ్యుల సోమసుందరం గారు. నిధి సొమ్ము ఏళ్ళ తరబడి బ్యాంకులో నిద్రపోతోందనీ, దాన్ని లేపి నష్టభయం లేని వ్యాపారంలో పెట్టాలనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అధ్యక్షుల వారు విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకి వెళ్ళారు. అక్కడ ఒక వక్త, "మంచి రోజులైనా చెడ్డ రోజులైనా జనం తినడం మానరు. అందుచేత సూపర్ మార్కెట్టంత క్షేమమైన పెట్టుబడి మరొకటి లేదు" అన్నాడు. ఉపన్యాసంలో రెండో సగం భోజనాల తర్వాత జరిగింది. సోమసుందరం గారు భోజనాల దాకా ఉన్నారు.

"మీ సంస్థలో నాలుగో వంతు వాటా మేం కొనదలచితిమి" అన్నారాయన వీరభద్రంతో. "అయితే ముందుగా మా నష్టభయ నిర్ధారణ ఉపసంఘం పరిశీలించి, మీది అల్ప నష్టభయ సంస్థ అని ధ్రువీకరించవలసి యుండును."

"ఆయ్! తప్పకుండానండి" అన్నాడు వీరభద్రం. రిస్కు లేదని ప్రభుత్వం వారే కాగితం ఇస్తామంటే చేదా?

ఉపసంఘంలో ముగ్గురు. సోమసుందరం గారు ఒకరు. లెక్కల అధికారి కాత్యాయని గారు మరొకరు. మూడో ఆయన కోరం కోసం వచ్చాడు. ఆయన పేరు ఎవరూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు.

వీరభద్రం వాళ్ళని మెయిన్ బజారు కొట్టులో ముందుగా తనకిష్టమైన కూరగాయల దగ్గరికే తీసుకెళ్ళాడు. కడియం వైపు నుంచి తెల్లవారుజామున దిగిన టమాటాలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. కాత్యాయని గారు ఒకటి చేతిలోకి తీసుకుని నొక్కి చూశారు.

"ఇది కుళ్ళునా?"

"కుళ్ళకేం చేస్తుందండి. రెండు మూడు రోజులు ఆగుతుంది. ఈలోగా అమ్మేస్తాం కదండీ."

కాత్యాయని గారు, సోమసుందరం గారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మా పింఛనుదారులు రిటైరయిన పిదప ముప్పది సంవత్సరములు జీవించుచున్నారు" అన్నారు సోమసుందరం గారు, అది వాళ్ళు చేస్తున్న తప్పన్నట్టుగా. "మూడు దినములలో కుళ్ళు ఆస్తియందు ముప్పది సంవత్సరముల సొమ్ము ఎట్లు పెట్టుట?"

తర్వాత పాలు, పెరుగు చూశారు. పాలు విరుగును, పెరుగు పులియును అని రాసుకున్నారు. గుడ్ల దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగారు. వాటికి కుళ్ళే గుణమే కాక పగిలే గుణం కూడా ఉందని తేలింది.

నివేదిక వారంలో వచ్చింది. 'సదరు సంస్థ నష్టభయము: మధ్యమము. కుళ్ళునవి, కారునవి, పగులునవి తొలగించిన పక్షమున పునఃపరిశీలన చేయబడును. నష్టభయము తగ్గిన కొలది పెట్టుబడి పెంచబడును.'

ఆఖరి వాక్యం వీరభద్రాన్ని పట్టేసింది. కూరగాయలు, పాలు, పెరుగు, గుడ్లు, అరటిపళ్ళు, గాజుసీసాల్లో ఉన్న ఆవకాయ అన్నీ మూడు కొట్లలోంచీ తీయించేశాడు. భార్య మాణిక్యాంబ వచ్చి చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇవన్నీ ఎక్కడ పారేస్తారండీ?"

"ఎక్కడో అక్కడ. కాగితం ముఖ్యం."

"పారేస్తే పాపం తగుల్తుంది. కారు షెడ్డులో పెట్టించండి. ఎవరికన్నా కావాలంటే ఇస్తాను."

వాళ్ళ ఇల్లు కొట్టు వెనకాలే. షెడ్డులోంచి కారు బయటికి వచ్చింది, టమాటాలు లోపలికి వెళ్ళాయి. మర్నాటి నుంచి కడియం కూరల బండి కూడా షెడ్డు దగ్గరే ఆగింది.

ఈసారి ఉపసంఘం వచ్చేసరికి కొట్టు శుభ్రంగా, పొడిగా, ఏ వాసనా లేకుండా ఉంది. సోమసుందరం గారు తృప్తిగా ఊపిరి పీల్చి వీరభద్రానికి శాలువా కప్పారు. 'అల్పము' అని ధ్రువపత్రం ఇచ్చారు. వీరభద్రం దాన్ని పటం కట్టించి, ఖాళీ అయిన కూరగాయల బల్ల మీద పెట్టించాడు. ధవళేశ్వరంతో పాటు రావులపాలెంలో కూడా ఒక కొట్టు ఆయన కళ్ళముందు మెదిలింది.

"ఇక కొనుగోలుదారుల సంగతి" అన్నారు కాత్యాయని గారు. "వీరు వచ్చే నెల కూడా వచ్చెదరనుటకు ఆధారమేమి?"

"ఎప్పట్నుంచో వస్తున్నారండి. తెలిసినవాళ్ళే అందరూను."

"రాతపూర్వక హామీ యున్నదా?"

"పప్పూ ఉప్పూ కొనుక్కోడానికి హామీ ఏంటండీ?"

"హామీ లేని రాబడిని నిధి గుర్తించజాలదు" అన్నారావిడ. ఒక నమూనా పత్రం కూడా ఆవిడ సంచిలోనే ఉంది. 'నేను జీవించి యున్నంతకాలము ప్రతి మాసము ఇచ్చటనే సరుకులు కొనగలవాడనని, పోటీ సంస్థల వైపు కన్నెత్తి చూడనని ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను.' కింద ఇద్దరు సాక్షుల సంతకాలకి చోటు.

మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర బల్ల వేసి ఆ పత్రాలు పరిచారు. మొదట వచ్చినవాడు మేడిశెట్టి కామరాజు. రేవుల శాఖలో సరంగుగా పంటు నడిపి రిటైరయ్యాడు. ఈ నిధి నుంచే పింఛను తీసుకుంటాడు. వీరభద్రం తండ్రి కిరాణా కొట్టు రోజుల నుంచీ ఖాతాదారు.

"ఏంటండీ షావుకారు గారూ ఇది?" అన్నాడు కామరాజు, కళ్ళజోడు పైకెత్తి చదివి. "నేను పెళ్ళికే ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కిలో పంచదార కోసం జన్మంతా కాపురం చేస్తానని రాసివ్వాలా?"

"మీ పింఛను క్షేమం కోసమేనండి సరంగు గారూ. మీ ఆఫీసు వాళ్ళే పెట్టమన్నారు."

"మా ఆఫీసు వాళ్ళా!" కామరాజు కాగితాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టేశాడు. "అయితే మరీ చదివి పెట్టాలండి. ఇంటికెళ్ళి ఆలోచించుకుని వస్తాను." ఆలోచించుకోడానికి ఆయన వెనకసందులోంచి షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ మాణిక్యాంబ సంతకం అడక్కుండా వంకాయలు తూచి ఇచ్చింది.

ఊరందరూ అలాగే ఆలోచించుకోడానికి వెళ్ళారు. కొట్టులో జనం పల్చబడ్డారు. దీన్ని ఉపసంఘం శుభపరిణామంగా భావించింది. జనం తగ్గితే దొంగతనాలకి తావు తగ్గుతుందట. మిగిలిన కొద్దిమంది కూడా చేయి చాపే వీలు లేకుండా బియ్యం, పప్పులు, సగ్గుబియ్యం, సబ్బులు అన్నిటికీ గాజు బీరువాలు చేయించి తాళాలు వేయమన్నారు. వీరభద్రం వేయించాడు. 'అత్యల్పము' వచ్చింది. రెండో శాలువా వచ్చింది. ఆయన మనసులో అమలాపురంలోనూ ఒక కొట్టు లేచింది. అలా ఆయన కలలో కొట్లు పెరుగుతూ, కళ్ళముందు కొట్టు తరుగుతూ వచ్చింది.

తర్వాత ధరల వంతు. "ధర పెరిగినచో కొనువాడు పోవును. తగ్గినచో లాభము పోవును" అన్నారు సోమసుందరం గారు, చాలాసేపు కళ్ళు మూసుకుని. "కావున ధర యుండరాదు." చీటీలన్నీ పీకేశారు.

"మరి ఎంతకి అమ్మాలండీ?" అని అడిగాడు వీరభద్రం.

అప్పుడు కాత్యాయని గారు ఆయన్ని జాలిగా చూశారు. తెలివైన పిల్లవాడు చివరి లెక్క దగ్గర తడబడితే పంతులమ్మ చూసే చూపు అది.

"అసలు నష్టమునకు మూలమేమో మీరింకను గ్రహించలేదు. ఈ బీరువాలో కందిపప్పు ఉన్నంతవరకు అది మీ ఆస్తి. అమ్మిన తోడనే పోయెను."

"డబ్బొస్తుంది కదండీ!"

"డబ్బు విలువ ఏటేట తగ్గుచున్నది. కందిపప్పు విలువ పెరుగుచున్నది. పెరుగుదానిని ఇచ్చి తరుగుదానిని పుచ్చుకొనుటను మీ భాషలో వ్యాపారమందురు. మా భాషలో దానిని నష్టభయమందురు."

ఆ రాత్రి వీరభద్రం అన్నం ముందు చెయ్యి కడుక్కోకుండా కూర్చుండిపోయాడు. మాటలో ఎక్కడో తిరకాసుందని తెలుస్తోంది. అదెక్కడుందో దొరకడం లేదు. తన మీద పెట్టిన ఆంక్షలు కూడా గుర్తొచ్చాయి. సంస్థ యజమాని స్కూటరెక్కరాదు, మెట్లెక్కరాదు, ఆవకాయ తినరాదు అని మొన్ననే లేఖ వచ్చింది. 'యజమాని మానవుడగుట ఒక లోపముగా గమనించబడినది' అని కూడా అందులో ఉంది.

"అమ్మడం మానెయ్యమంటున్నారే" అన్నాడు.

మాణిక్యాంబకి తీరిక లేదు. మూడో కొట్టు నుంచి వచ్చేసిన పనివాళ్ళు రేపటి కొత్తిమీర కట్టలు కడుతుంటే పక్కన నిలబడి చూస్తోంది. షెడ్డు ముందు రేకులు దింపించింది. ఒక తూకం మిషను కొంది. కొట్టులో పనిలేక ఈగలు తోలుకుంటున్న పిల్లలందరూ ఒక్కొక్కరే ఇటు వచ్చేశారు.

"మానేస్తే పెట్టుబడి రెట్టింపు చేస్తారట" అన్నాడు మళ్ళీ.

"మానెయ్యండి మరి. సంచులు నాక్కావాలి, గోడౌను తాళం ఇటిచ్చి వెళ్ళండి."

అమ్మకాలు ఆగిపోయాయి. 'శూన్యము' వచ్చింది. ఇలాంటి ధ్రువపత్రం ఇంతవరకూ ఏ సంస్థకీ ఇవ్వలేదని, దీన్ని స్వయంగా కొట్టులోనే, పూలదండల మధ్య అందజేసి, ఒప్పందం మీద సంతకాలు చేయాలని నిధి తీర్మానించింది. తేదీ చూస్తే అమావాస్య.

"అమావాస్య నాడు సంతకాలేంటండీ!" అంది మాణిక్యాంబ.

వీరభద్రం భయపడుతూనే ఆ మాట సోమసుందరం గారి చెవిన వేశాడు. ఆయన నవ్వారు. "నష్టభయము శూన్యమైన సంస్థకు తిథివారములతో పని యేమి?"

ఆ రోజు కొట్టుకి బంతిపూల తోరణాలు కట్టారు. లోపల ఏసీ చల్లగా ఉంది. గాజు బీరువాల వెనక పప్పులూ బియ్యమూ మ్యూజియంలో నాణేల్లా మెరుస్తున్నాయి. అడుగేస్తే అడుగు చప్పుడు మళ్ళీ వినపడుతోంది. మధ్యలో బల్ల, బల్ల మీద ఒప్పందం. సోమసుందరం గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. ఈ సంస్థలో నష్టపోవుటకు ఇప్పుడు ఏమియు లేదని, ఇది దేశానికే మార్గదర్శకమని అంటున్నారు. వీరభద్రం కలం పట్టుకుని నిలబడ్డాడు. చేతికి తగలాల్సిన ఆనందం ఎందుకో తగలడం లేదు.

అప్పుడు గాజు తలుపు తోసుకుని కామరాజు వచ్చాడు. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేదు. జుట్టు రేగి ఉంది.

"షావుకారు గారూ, కొంచెం సగ్గుబియ్యం ఇస్తారా? మా ఆవిడకి రాత్రి నుంచీ ఒకటే విరేచనాలు. ఏదీ కడుపులో ఇమడడం లేదు. డాక్టరు గారు జావ పట్టమన్నారు. అమావాస్య కదండీ, బజారంతా కట్టేసుంది. అమ్మగారి షెడ్డులో అడిగితే, కుళ్ళేవి తప్ప నా దగ్గర లేవు, సగ్గుబియ్యం గాజుబీరువాలో ఉంది, లోపలికి వెళ్ళమన్నారు."

వీరభద్రం చెయ్యి అలవాటుగా మొలలోని తాళాల గుత్తి మీదికి వెళ్ళింది.

"ఆగుడు!" అన్నారు కాత్యాయని గారు. "ఒప్పందమునకు ముందు అమ్మకమా?"

"అమ్మకం కాదండి, ఆయన ఇంట్లో ఆవిడకి..."

"ఈయన ఎవరు?"

"మీ పింఛనుదారేనండి. సరంగు కామరాజు గారు."

సోమసుందరం గారి ముఖం వికసించింది. ఆయన ముందుకొచ్చి కామరాజు రెండు చేతులూ పట్టుకున్నారు. "మీ కొరకే కదయ్యా ఇదంతయు! మీ వృద్ధాప్యము చల్లగా సాగవలెననియే ఈ సగ్గుబియ్యమును భద్రపరచితిమి. దీనిని మీకు ఇచ్చినచో మీ క్షేమమునకే భంగము."

కామరాజు అర్థం కానట్టు ఆయన్ని చూశాడు. తర్వాత గాజు వెనకున్న పొట్లాల్ని చూశాడు. ఆ తర్వాత వీరభద్రాన్ని చూశాడు. వెనక్కి తిరిగాడు.

నోరు తెరిచి సరుకు అడిగిన మనిషి కొట్టులోంచి ఖాళీ చేతుల్తో వెళ్ళిపోవడం వీరభద్రం తన జన్మలో చూడలేదు. సరుకు లేకపోతే పక్కవీధి నుంచి తెప్పించి ఇచ్చిన రోజులున్నాయి. సరుకుండి ఇవ్వని రోజు ఇదే. ఆయన కలం బల్ల మీద పడేసి, బీరువా దగ్గరికి నాలుగంగల్లో వెళ్ళి తాళం తీశాడు. సగ్గుబియ్యం పొట్లం తెచ్చి కామరాజు చేతిలో పెట్టాడు.

"ఎంతండీ?" అన్నాడు కామరాజు. అప్పు ఉంచుకునే మనిషి కాదు.

ధర చీటీలు పీకేసి చాలా రోజులైంది. వీరభద్రానికి ఆ ధర నోటికే ఉంది. చెప్పాడు. కామరాజు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆయన పుచ్చుకున్నాడు. ఆ నోటు చేతిలో పడగానే, మూడు నెలల నుంచి బిగుసుకుపోయిన ఒళ్ళు ఒక్కసారి వదులైంది.

"అమ్మకం జరిగింది!" అని కేక పెట్టారు కాత్యాయని గారు. నడివీధిలో హత్య చూసిన వాళ్ళు అలా అరుస్తారు.

అప్పుడు కోరం కోసం వచ్చిన మూడో ఆయన కుర్చీలోంచి లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకూ ఒక పొట్లం ఇవ్వండి. ఇంట్లో చెప్పారు. రోజూ మర్చిపోతున్నాను."

వీరభద్రం ఆయనకీ ఇచ్చాడు. ఒక అమ్మకాన్నైతే పొరపాటుగా రాసుకోవచ్చు. రెండైతే అలవాటు. ఉపసంఘం ఆఖరి నివేదిక మర్నాడే వచ్చింది. 'సదరు సంస్థ యజమానికి సరుకులు అమ్ము దురలవాటు కలదు. దిద్దుబాటునకు అవకాశము కానరాదు. నష్టభయము: తీవ్రము.' పింఛను సొమ్ము ఎక్కడి నుంచి లేచిందో ఆ బ్యాంకులోనే మళ్ళీ పడుకుంది. పింఛనుదారుల సొమ్ములో ఒక్క రూపాయి పోకుండా కాపాడినందుకు ఉపసంఘం తనను తాను అభినందించుకుంటూ తీర్మానం చేసి, ప్రయాణపు ఖర్చులు రాబట్టుకుంది. శాలువాలు తిరిగి పంపాలని వీరభద్రానికి ఇంకో లేఖ వచ్చింది. ఆయన పంపేశాడు.

కామరాజు భార్య మూడోనాటికి లేచి తిరిగింది. వీరభద్రం గాజు బీరువాలు విరగ్గొట్టించి, గుమ్మం దగ్గరి బల్ల తీయించి, కొట్టు తెరిచాడు. మొదట వచ్చిన వాళ్ళు తలుపు బయటే నిలబడి, "సంతకం ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగారు. అక్కర్లేదని ఆయన బతిమాలి లోపలికి తీసుకొచ్చాడు. కానీ లోపల కూరల్లేవు, పెరుగు లేదు, గుడ్లు లేవు. అవన్నీ వెనక షెడ్డులో ఉన్నాయి. షెడ్డు ముందు జనం సందు మలుపు దాకా నిలబడి ఉన్నారు. కొట్టులో పనివాళ్ళు కూడా అక్కడే ఉన్నారు.

వీరభద్రం వరసలో నిలబడి తన వంతు వచ్చాక, "మాణిక్యం, ఇంక అన్నీ కొట్టులోకి తెచ్చేయవే. ఇద్దరం కలిసి నడుపుదాం" అన్నాడు.

"చూడాలండి" అంది ఆవిడ తూకం మీంచి కళ్ళెత్తకుండా. "మీతో కలిస్తే నాకు రిస్కు కదా. ఆదివారం వచ్చి చూసి చెప్తాను గానీ పక్కకి జరగండి, వెనక వాళ్ళున్నారు."

ఆ ఆదివారం ఆవిడ పట్టుచీర కట్టుకుని కొట్టు పరిశీలనకి వచ్చింది. వీరభద్రం ఎదురెళ్ళి తలుపు తీశాడు. ఆవిడ ఏ సరుకూ నొక్కి చూడలేదు, ఏమీ రాసుకోలేదు. గుమ్మం పక్కన స్టూలు వేయించుకుని కూర్చుని, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూసింది. ఒకావిడ మినప్పప్పు పట్టుకెళ్ళింది. ఒకాయన సబ్బు కొన్నాడు. ఎవరో పిల్ల పుట్టినరోజని జీడిపప్పు అడిగారు. వీరభద్రం వాళ్ళ వెనకాలే తిరుగుతూ, మీ అమ్మాయి ఏం చదువుతోంది, మీ మోకాలు నొప్పి తగ్గిందా అని అడుగుతున్నాడు. ఆవిడ పెదవులు బిగించి నవ్వు ఆపుకుంది.

"సర్లెండి" అంది లేస్తూ. "ఊళ్ళో పొయ్యి వెలిగించేవాళ్ళు ఉన్నన్నాళ్ళూ మీ కొట్టుకి ఢోకా లేదు. కొట్టు బాగానే ఉంది. యజమానితోనే భయం. రేపు నా షెడ్డంతా ఇటు మార్పిస్తాను. కౌంటరు మీద నేను కూర్చుంటాను. ఇంకో షరతుంది."

"చెప్పు. ఏదైనా సరే."

"మీరు ఇకమీదట నన్నడక్కుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు."

"పెట్టను. ఒట్టు." వీరభద్రం సంతోషం పట్టలేక కౌంటరు మీదున్న కాగితం లాక్కుని, జేబులోంచి కలం తీశాడు. "కావాలంటే ఇప్పుడే రాసి సంతకం పెట్టి ఇస్తాను, ఉండు."

మాణిక్యాంబ ఆయన చేతిలోంచి కలం లాక్కుంది.